సున్నా తూగినవాడు

ఏకాదశి నాడు పొద్దు బారెడెక్కిన వేళ, మధుకూటం కోట ఉత్తర ద్వారం దగ్గర జరిగిన తూకంలో పడవ నడిపే ఎర్రపోతు సున్నా తూగాడు.

తూచింది తిమ్మాజమ్మ. చూసినవాళ్ళు దళవాయి కాచమనాయుడు, ద్వారం కాపలావాళ్ళు, రేవు నుంచి వెంట వచ్చిన జనం. తూకం మీద ఎవరికీ అనుమానం రాలేదు. మనిషి మీదే వచ్చింది.

అమావాస్య నుంచి ఆ నగరంలో ఎవరూ నిద్రపోలేదు. ఆనాటి సాయంత్రం ధూమ్రజటి అనే మాంత్రికుడు గాజులమ్మేవాడి వేషంలో కోటలోకి వచ్చాడు. వీధి వీధికీ తిరిగాడు. నగరం నిద్రనంతా ఒక పేటికలోకి లాగి మూత వేశాడు. తరళానది దాటి అవతలి ఒడ్డున ఉన్న మూగకొండకు దాన్ని పట్టుకుపోయాడు. రాజు, రాణి, ఊయలలో పిల్లలు, గజశాలలో ఏనుగులు, పంజరాల్లో చిలకలు అప్పటి నుంచి మేలుకునే ఉన్నారు. మొదట్లో జనం దీన్ని వింతగా చెప్పుకున్నారు. దొంగతనాలు ఆగిపోయాయని తలారి సంతోషించాడు. తర్వాత ఇళ్ళలో అన్నం మాడడం మొదలైంది. వడ్రంగులు వేళ్ళు కోసుకున్నారు. ఆస్థాన గాయకుడు పాట మధ్యలో ఆగి, ఏం పాడుతున్నాడో పక్కవాళ్ళను అడిగాడు. కాపలావాళ్ళు ఈటెలు పట్టుకుని నిలబడడం మానేసి, ఈటెలకు ఆనుకుని నిలబడుతున్నారు. పౌర్ణమి నాటికి కోట తలుపు గడియ వేసే ఓపిక ఎవరికీ ఉండదు. ధూమ్రజటికి కావలసింది అదే.

మూగకొండ ఎక్కడానికి ఒకటే దారి. దానికి ఇరువైపులా రాతి కుక్కలు ఉన్నాయి. కొండ మీదికి వచ్చినవాడి గుండె ఒక్కసారి ఉలిక్కిపడితే చాలు, ఆ కుక్కలకు ప్రాణం వస్తుంది. ఉలిక్కిపడనంతసేపు అవి రాళ్ళే. అందుకే దిగులు తక్కువ ఉన్నవాళ్ళను ఏరి పంపాలని రాజు ఆజ్ఞ ఇచ్చాడు. ఏరడానికి మధుకూటంలో పద్ధతి ముందు నుంచీ ఉంది.

అక్కడ మావటి కావాలన్నా, ఖజానా కాపలా కావాలన్నా, రాజుగారి అన్నం ముందు తిని చూసే పని కావాలన్నా దిగులు తూయించుకోవాలి. మనిషి చిటికెన వేలికి పట్టుదారం కడతారు. దారం రెండో కొస త్రాసు ఎడమ పళ్ళానికి ఉంటుంది. చెయ్యి వణికిన కొద్దీ పళ్ళెం దిగుతుంది. ముందుగా కుడి పళ్ళెంలో గురివింద గింజలు వేసి ముల్లు సరిచేస్తారు. ఈ గింజలు చేతి బరువు కింద లెక్క. వీటిని తూచేవాళ్ళు పిడికిలితో తీసి, తల పక్కకు తిప్పి వేస్తారు. చూడరు, లెక్కపెట్టరు. చూస్తే తూకం చెడుతుందని పట్టింపు. ఆ తర్వాత ప్రశ్నలు అడుగుతారు. ప్రశ్నకు పళ్ళెం దిగితే, ముల్లు నిలిచేదాకా మళ్ళీ గింజలు వేస్తారు. ఈసారి వేసినవే ఆ మనిషి దిగులు.

తూచే ఇంటివాళ్ళకు ఇంకో కట్టుబాటు ఉంది. వాళ్ళు ఎవరితోనూ "దిగులు పడకు" అనకూడదు. ఆ మాట అన్న నోటితో ప్రశ్న అడిగితే ముల్లు నిలవదంటారు. కొడుకు పోయిన రోజున కూడా తిమ్మాజమ్మ తన కోడలితో ఆ మాట అనలేదు. "అన్నం తిను" అంది.

మొదట కొండకు వెళ్ళింది గంగసాని. గజశాలలో మావటి, ఎర్రపోతు చెల్లెలు. ఒక గింజ తూగింది. అంకుశం భుజాన వేసుకుని, ఈల వేసుకుంటూ వెళ్ళింది. ఆమె తర్వాత ఒకరొకరుగా ఐదుగురు సిపాయిలు వెళ్ళారు. ఎవరూ మూడు గింజలకు మించి తూగినవాళ్ళు కారు. కుక్కలు మొరగలేదు. వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు.

ఆరుగురు పోయాక తూగడానికి ముందుకొచ్చినవాడు ఎర్రపోతు. రేవు జనం నవ్వారు. అన్ని రోజుల్లో అక్కడ నవ్వు వినబడడం అదే మొదలు.

"తూకం నీకా, నీ పడవకా ఎర్రపోతన్నా?" అంది చేపలమ్మే కోటమ్మ.

"వీడి పడవెక్కితే అవతలి ఒడ్డు చేరేలోపు మన చావు కబురు మనకే చెబుతాడు" అన్నాడు ఒక కుమ్మరి. "తిమ్మాజమ్మా, గింజలు చాలవు. గురివింద తీగ పీక్కురా."

ఎర్రపోతు వాళ్ళవైపు చూడలేదు. వేలికి కట్టిన దారాన్ని చూస్తున్నాడు.

"ఇది గట్టిదేనా అవ్వా? మధ్యలో తెగితే మళ్ళీ మొదటి నుంచి తూస్తారా?"

"తెగదు. చెయ్యి చాపు."

తిమ్మాజమ్మ తల పక్కకు తిప్పి పిడికిలితో గింజలు వేసింది. మళ్ళీ వేసింది. ముల్లు సరిపడేదాకా వేస్తూనే ఉంది. నిద్ర లేని చెయ్యి కాబట్టి ఎన్నిసార్లు వేసిందో తనకే గుర్తు లేదు. తర్వాత అడగడం మొదలుపెట్టింది.

"నది మధ్యలో పడవకు చిల్లు పడింది."

"పడుతుందనే లక్క పెట్టుకున్నా. గుడ్డ పీలికలు పెట్టుకున్నా. నీళ్ళు తోడే చిప్ప ఉంది. ఆ చిప్ప పోతే ఇంకో చిప్ప ఉంది."

ముల్లు కదలలేదు.

"పడవలో చంటిపిల్ల ఉంది."

"నడుముకి సొరకాయ బుర్ర కట్టిందాకా ఏ పిల్లనూ ఎక్కించను. అందుకే తల్లులు నన్ను తిడతారు."

కోటమ్మ "తిడతాం మరి" అంది. ముల్లు కదలలేదు.

తిమ్మాజమ్మ అడగవలసిన ప్రశ్న అడిగింది.

"కొండ మీద నీ చెల్లెలు చచ్చి పడి ఉంది."

దళవాయి ముందుకు వంగి ముల్లు చూశాడు.

"అట్టాగే అనుకుంటన్నా అవ్వా, ఆ పిల్ల పోయిన కాడ్నుంచి" అన్నాడు ఎర్రపోతు. "పాడె కట్టడానికి తాళ్ళు తెచ్చుకున్నా. పడవలో ఉన్నాయి."

ముల్లు కదలలేదు.

"సున్నా" అంది తిమ్మాజమ్మ.

దళవాయి కళ్ళు నులుముకున్నాడు. "సున్నా అంటే సున్నాయేనా?"

"ముల్లు చూడండి దొరా."

"ముల్లు చూశాను. మనిషిని కూడా చూస్తున్నాను."

"మనిషిని చూసి చెప్పే పనైతే త్రాసెందుకు?"

దళవాయికి వాదించే ఓపిక లేదు. వెళ్ళమని చెయ్యి ఊపాడు.

మధ్యాహ్నానికి ముందే ఎర్రపోతు నది దాటాడు. పడవను అవతలి ఒడ్డున ఒక రాతికి కట్టాడు. ముడి వేసి, దాని మీద ముడి వేసి, దాని మీద ఇంకో ముడి వేశాడు. పది అడుగులు పోయి వెనక్కి వచ్చి ముళ్ళు లాగి చూశాడు. పాడె తాళ్ళు భుజాన వేసుకుని, పడవ గడ చేతికర్రగా పట్టుకుని కొండ ఎక్కాడు.

కుక్కలు నల్లరాతివి. ఒక్కోటి దున్నపోతంత ఉంది. మెడలో గొలుసు రాయి, కోరలు రాయి, నాలుక రాయి. నాలుక మీద తడి మాత్రం నీరే.

మొదటి మలుపులో దారి మీదికి వేలాడుతున్న తీగ పామై పడగ విప్పింది. తీగలు పాములు కావచ్చునని అనుకుని ఎర్రపోతు అప్పటికే చుట్టూ తిరిగి పోతున్నాడు. రెండో మలుపులో నేల కుంగి బావి నోరు తెరిచింది. గడతో పొడిచి చూడనిదే అతను అడుగు వెయ్యడు కాబట్టి గడ ముందుగా దిగబడింది, మనిషి దిగలేదు. పైన స్ఫటికపు గోడల మధ్య సందు ఉంది. గోడల్లో వెయ్యిమంది ఎర్రపోతులు కనబడ్డారు. వాళ్ళలో ఒకడికి తల లేదు. "అదొకటి" అనుకుంటూ అతను నడిచాడు. సందు చివర చీకటిలోంచి, చనిపోయిన అతని తల్లి గొంతు "నాయనా, నన్నొదిలి పోతావా" అని ఏడ్చింది.

"పిలుస్తావనే అనుకున్నానమ్మా" అని జవాబు చెప్పి ముందుకు పోయాడు.

కుక్కలు రాళ్ళుగానే ఉన్నాయి.

అదే సమయంలో కోట ద్వారం దగ్గర తిమ్మాజమ్మ సామాను సర్దుకుంటోంది. గింజల సంచి ఎత్తితే చేతికి బరువు తెలియలేదు. తడిమింది. అడుగున నాలుగు గింజలు తగిలాయి. పొద్దున అది నిండు సంచి. ఆమె తన జన్మలో చేయని పని చేసింది. తల తిప్పి కుడి పళ్ళెంలోకి చూసింది. చేతి బరువు కింద వేసిన గింజలు పళ్ళెం నిండి, కుప్పగా పోసి ఉన్నాయి. కిందపడ్డ గింజలు జనం కాళ్ళకింద నలిగి ఉన్నాయి.

ఆమె దళవాయి దగ్గరకు పరిగెత్తలేదు. పరిగెత్తే శక్తి లేదు. నడిచి వెళ్ళింది.

"తప్పు పంపాం దొరా."

"ఎవర్ని?"

"ఎర్రపోతును. వాడిది సున్నా కాదు. నేను అడగడం మొదలుపెట్టకముందే సంచి మొత్తం అటు వేశాను. వాడు పుట్టినప్పటి నుంచి వణుకుతూనే ఉన్నాడు. నేను దాన్ని చేతి బరువనుకున్నాను. నిండి ఉన్నవాడికి నా ప్రశ్నలు కొత్తగా ఏం కలుపుతాయి?"

దళవాయికి అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. "అయితే కుక్కలు..."

"పోనిద్దామంటారా, ఆపుదామంటారా?"

ఇద్దరూ నలుగురు కాపలావాళ్ళతో రేవుకు వచ్చారు. రేవులో పడవలు ఉన్నాయి. వరద వస్తే కొట్టుకుపోతాయని ఎర్రపోతు వెళ్ళేముందు వాటన్నిటినీ ఒకదానికొకటి కట్టి, ఒడ్డు మీది రాళ్ళకు కట్టి, ముడి మీద ముడి, దాని మీద ముడి వేసి వెళ్ళాడు. కాపలావాళ్ళు విప్పడానికి చూశారు. కత్తులతో కోయడానికి చూశారు. తాళ్ళు తడిసి బిగిసి ఉన్నాయి. చేతుల్లో పట్టు లేదు. ఒకడు కత్తి జారవిడిచి, అది నీళ్ళలో పడుతుంటే చూస్తూ నిలబడ్డాడు. తీయడానికి వంగలేదు.

నది మీద మంచు దిగడం మొదలైంది.

కొండ మీద గుహలో దీపం అవసరం లేదు. పేటిక వెలుగుతూ ఉంది. మొగలిరేకు రంగు వెలుగు. చందనపు చెక్కతో చేసిన పేటిక అది, రెండు చేతులతో పట్టుకోగలిగినంత. దాని చుట్టూ నిద్ర ఉంది. గోడ మీద సీతాకోకచిలకలు రెక్కలు మూసి ఉన్నాయి. కప్పుకు గబ్బిలాలు వేలాడుతున్నాయి. ఒక చిరుతపులి పక్కకు ఒరిగి పడుకుని ఉంది, దాని పొట్ట మీద తల పెట్టుకుని ఒక సిపాయి. మిగిలిన నలుగురూ ఎక్కడివాళ్ళక్కడ నేల మీద ఉన్నారు. పేటికకు అందరికంటే దగ్గరగా గంగసాని. అంకుశం తలకింద పెట్టుకుని ఉంది.

ఎర్రపోతు తాళ్ళు దింపాడు. పాడెకు కర్రలు ఎక్కడ దొరుకుతాయా అని చుట్టూ చూశాడు. కళ్ళు మూద్దామని చెల్లెలి ముఖం మీదికి వంగాడు. అరచేతికి వెచ్చగా తగిలింది. ఆమె ఊపిరి తీస్తోంది. చిన్నగా గురక కూడా పెడుతోంది.

జరగగల చెడులన్నీ అతను వరసగా అనుకుని ఉన్నాడు. ఇది ఆ వరసలో లేదు. గుండె ఎగిరింది.

కింద ఎక్కడో ఒక కుక్క మొరిగింది. తర్వాత ఇంకొకటి.

ఎర్రపోతు పేటికను చంకలో పెట్టుకున్నాడు. చెల్లెల్ని వీపు మీదికి ఎత్తుకోబోతుండగా గుహ వాకిట్లో అలికిడైంది. తిమ్మాజమ్మ గోడ పట్టుకుని లోపలికి వచ్చింది. ఆయాసపడుతోంది.

"అవ్వా! పడవలన్నీ కట్టేసి వచ్చానే, నువ్వెట్టా దాటావు?"

"చేపలవాళ్ళ తెప్ప మీద వచ్చాను నాయనా. వెనక దళవాయి వస్తున్నాడు, యాభైమందితో. కుక్కల పని వాళ్ళు చూసుకుంటారు." ఆమె వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది. "నీ పని అయిపోయింది. చెల్లెలు బతికే ఉంది కదా. పేటిక వాళ్ళు మోస్తారు. ఎంత అలిసిపోయావు! అలా కూర్చో."

ఎర్రపోతు అమావాస్య నుంచి నిలబడే ఉన్నాడు. అంతకుముందు కూడా, రేవులో అందరూ పడుకున్నాక తాళ్ళు చూడడానికి లేచేవాడు. కూర్చోమని ఎవరూ అతనితో అనలేదు. కూర్చున్నాడు. ఆవులింత వచ్చింది. చంకలో పేటిక జారి ఒడిలోకి వచ్చింది. దాని వెలుగు కనురెప్పల మీద పడింది. గడ చేతిలోంచి దొర్లిపోయింది.

"పడుకో నాయనా" అంది ఆమె. "దిగులు పడకు."

ఎర్రపోతు కళ్ళు తెరిచాడు.

"ఏమన్నావవ్వా?"

"దిగులు పడకన్నాను."

"మీ ఇంట ఆ మాట అనరే."

భుజం మీది చెయ్యి బరువెక్కింది. ఎర్రపోతు పేటిక పట్టుకుని లేచాడు. ఎదురుగా తిమ్మాజమ్మ లేదు. జడలు నేల మీద పొగలా పాకుతున్న మనిషి ఉన్నాడు. కళ్ళకింద నల్లగా గుంటలు.

"ఇంతమందిలో నాకు పని పెట్టినవాడివి నువ్వొక్కడివే" అన్నాడు ధూమ్రజటి. "మీవాళ్ళు ఎవర్ని పంపారు? దిగులు లేనివాళ్ళను ఏరి మరీ పంపారు. కుక్కల్ని దాటారు, పేటిక పక్కన నిలబడ్డారు, హాయిగా పడుకున్నారు. ఊరంత నిద్ర పక్కన దిగులు లేనివాడు ఎంతసేపు నిలబడతాడు?"

"నువ్వు పడుకోలేదే."

"విద్య నేర్చుకున్న రోజున నా నిద్ర మా గురువుకు ఇచ్చుకున్నాను." మాంత్రికుడు ఆ మాట చెప్పి కాసేపు పేటికవైపు చూశాడు. తర్వాత పులయ్యాడు.

"పులవుతావనుకున్నా" అన్నాడు ఎర్రపోతు.

పులి మంటయింది. మంట గుహ కప్పు దాకా లేచింది. ఎర్రపోతు పేటికను పంచెకింద దాచుకుని పక్కకు జరిగాడు. మంట ఆరి, అక్కడ రక్తంతో గంగసాని శవం పడింది. ఎర్రపోతు దాని మీంచి దాటి, వెనక గురక పెడుతున్న గంగసానిని ఎత్తుకున్నాడు. ఉలిక్కిపడనివాడి మీద ధూమ్రజటి మంత్రం పారదు.

"సరే" అన్నాడు మాంత్రికుడు తన రూపానికి వచ్చి. గొంతులో కోపం లేదు. "కుక్కలు లేచాయి. లేచాక నా మాట కూడా వినవు." పొగయి కప్పులోని నెర్రెలోంచి బయటికి పోయాడు.

మొరుగుడు దగ్గరైంది. ఎర్రపోతు ఒక తాడుతో చెల్లెల్ని వీపుకు కట్టుకున్నాడు. ఇంకో తాడుతో పేటికను పొట్టకు కట్టుకున్నాడు. మిగిలిన ఐదుగురినీ మోయలేడు. గుహ వాకిట్లో గుండు ఉంది. దొర్లిపోయిన గడ తెచ్చి దానికింద పెట్టి ఎత్తాడు. గుండు దొర్లి వాకిలి మూసుకుంది. గడ విరిగింది. ఒక కుక్క గుండును అటువైపు నుంచి ఢీకొంది.

అతను వచ్చిన దారిని నమ్ముకుని ఎక్కడికీ పోడు. లోపలికి రాగానే ఇంకో దారి చూసి పెట్టుకున్నాడు. గుహ వెనక వాననీరు పోయే బిలం ఉంది, ఇద్దరు మనుషులు పట్టేంత. కాళ్ళు ముందు పెట్టి జారాడు. రాళ్ళు మోచేతులు గీసుకుపోయాయి. బిలం కొండ నడుముకు బయటపడింది. కింద నది వినబడుతోంది, మంచులో కనబడడం లేదు. కిందికి దిగడానికి పక్కనున్న రాతికి మిగిలిన తాడు కట్టాడు. ఆ తాడుకు కూడా ముడి మీద ముడి వేశాడు. వేస్తుండగా పైనుంచి ఒక కుక్క అంచు దాటి దూకి, అతని పక్కనుంచి పోతూ కుడి భుజం పట్టి చీల్చి, కింద రాళ్ళ మీద పడి ముక్కలైంది. మిగిలిన కుక్కలు దారి చుట్టి ఒడ్డుకు దిగుతున్నాయి. ఎర్రపోతు ఎడమ చేత్తో తాడు పట్టుకుని వాటికంటే ముందు దిగాడు.

పడవ కట్టిన ముళ్ళు విప్పడానికి అతనికి ఒక చెయ్యే పనిచేసింది.

ఇవతలి రేవులో మొరుగుడు వినబడినప్పుడు పొద్దు వాలుతోంది. దళవాయి పడవల పక్కన కూర్చుని ఉన్నాడు.

"అయిపోయింది తిమ్మాజమ్మా."

"మొరుగుతున్నాయంటే ఇంకా దొరకలేదు దొరా."

"నువ్వు పంపినవాడే కదా, నువ్వు అలాగే అంటావు."

"నేనే పంపాను" అంది ఆమె.

మొరుగుడు అవతలి ఒడ్డుకు దిగింది. తర్వాత నీళ్ళలో ఏదో పెద్దది పడిన చప్పుడు. మళ్ళీ ఒకటి. మళ్ళీ. మోట బావిలో బండ పడినట్టు ఒక్కోటి పడి, ఇంక పైకి రాలేదు. మొరుగుడు ఆగింది. మంచులో పేటిక మూత తెరిచినట్టు మొగలిరేకు రంగు వెలుగు విచ్చుకుని కోట దాకా పరుచుకుంది.

దళవాయి లేచి నిలబడి మంచులోకి చూశాడు. "ఏం జరిగిందో ఎవరైనా..." అని, మాట పూర్తి చేయకుండా కూర్చున్నాడు. కూర్చున్నవాడు పక్కకు ఒరిగాడు. గురక వినబడింది. కాపలావాళ్ళలో కత్తి జారవిడిచినవాడు ముందు, మిగిలినవాళ్ళు తర్వాత, ఇసుకలో పడుకున్నారు. చేపల బుట్ట పక్కన కోటమ్మ పడుకుంది. ఒడ్డునున్న గేదెలు కాళ్ళు మడిచాయి. ఉత్తర ద్వారం దగ్గర ఉన్నవాడు ఈటె కౌగిలించుకుని గోడవారన జారాడు. ద్వారం తెరిచే ఉంది.

తిమ్మాజమ్మకు నిద్ర రాలేదు. ఆమె నీళ్ళ దాకా నడిచింది.

మంచులో పడవ కనబడలేదు. తెడ్డు చప్పుడు లేదు. ప్రవాహం మీద కొయ్య కొట్టుకుపోతున్న చప్పుడు ఉంది. ఒక గొంతు వినబడింది.

"ఒడ్డున ఎవరు?"

"తిమ్మాజమ్మను."

గుహలో కూడా ఎర్రపోతు తిమ్మాజమ్మనే చూశాడు.

"ఇంకేదన్నా మాట చెప్పవ్వా."

తిమ్మాజమ్మ ఆలోచించింది.

"చెప్పడానికి మంచి మాట లేదు నాయనా. నీళ్ళు పెరుగుతున్నాయి. ఇక్కడ మేలుకుని ఉన్నది నేనొక్కదాన్నే. నిన్ను తప్పు తూచాను. నా చేతులు వణుకుతున్నాయి. ఏం తిన్నావు పొద్దుటి నుంచి?"

మంచులోంచి తాడు వచ్చి ఆమె కాళ్ళ దగ్గర పడింది. కొసన ముడి, దాని మీద ముడి, దాని మీద ఇంకో ముడి ఉన్నాయి. ఆమె దాన్ని రేవు రాతికి చుట్టి రెండు చేతులా పట్టుకుంది. తాడు బిగిసింది.